ఐదింటి గరగర

3వ తేదీ, బుధవారం

ఇవాళ నాలుగు నిమిషాలు. పాప "అమ్మా, ఇవాళ స్కూల్లో" అంది, అక్కడికి తెగింది. నాకెలా తెలుసంటే ఈ ఇంట్లో గోడలు పల్చన. నా గదిలో నా పని నేను చూసుకుంటున్నా చెవిలో పడతాయి.

హాల్లోకి వెళ్ళేసరికి ఇంటర్నెట్ డబ్బా మీద ఆకుపచ్చ దీపం పోయి ఎర్రది మిటకరిస్తోంది. మూడు నిమిషాలకి దానంతటదే పచ్చబడింది. అప్పటికే అవతల మా మరిది, అదే చెల్లి మొగుడు, పాప ముందునుంచి ఫోను తీసేసుకున్నాడు. ఆ మహానుభావుడికి అంతకంటే ఏం కావాలి.

చెల్లి తన గది గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. ఆ చూపు నాకు తెలుసు. నేను ఉప్పు డబ్బాలో చక్కెర పోసిన రోజుల్లో మా అమ్మ అలాగే చూసేది.

కోర్టువాళ్ళు రాసిచ్చింది ఇదీ: పాప తండ్రి దగ్గరే ఉంటుంది, రోజూ సాయంత్రం ఐదు నుంచి ఐదూ ఇరవై దాకా తల్లితో వీడియోలో మాట్లాడుతుంది. 22న విచారణ. పాప వారానికి రెండు రోజులు తల్లి దగ్గర ఉండొచ్చా లేదా అన్నది ఆ రోజు కోర్టు ఆఫీసరమ్మ తేలుస్తుంది. కాల్స్ ఎన్ని జరిగాయి, ఎంతసేపు జరిగాయి, అన్నీ చూస్తుందట. మరిది వైపు వాదన ఒక్కటే. తల్లికి శ్రద్ధ లేదు, రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తోంది.

మొబైల్ సిగ్నల్ మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన తప్ప ఈ ఇంట్లో ఎక్కడా దొరకదు. చెల్లి ఓసారి అక్కడికి ఎక్కి మాట్లాడింది కూడా. పిట్టగోడ పక్కన నిలబడి పిల్లని బెదరగొడుతోందని దానికీ ఒక కాగితం వచ్చింది.

కాల్ టైములో నేను ఆ గదిలోకి వెళ్ళకూడదు. లాయరమ్మ ఆజ్ఞ. చెల్లి రెండు బ్యాగులతో నా ఇంటికొచ్చిన కొత్తలో, అంటే ఆర్నెల్ల కిందట, కాల్ నడుస్తుండగా నేను దుప్పటి కప్పుకుని నోట్లో టార్చిలైటు పెట్టుకుని వెనకనుంచి లేచాను. పాపని నవ్విద్దామని. పాప జడుసుకుని జ్వరం తెచ్చుకుందట. అది ఫైలుకెక్కింది. అందులో నా పేరు "పెద్దమ్మ అనబడు వ్యక్తి".

మోకాళ్ళు కాస్త నయం. రెండు వారాల కిందట, నేను పనిచేసే అచ్చు ప్రెస్సులో మిషన్ నడిపే ఆయన దగ్గర కొన్న కాళ్ళు పిసికే మెషిన్ పాతదే అయినా వృథా పోలేదు.

4, గురువారం

మూడు నిమిషాలు.

5, శుక్రవారం

పొద్దున లైన్‌మన్ వచ్చాడు. స్తంభం దగ్గర్నుంచి హాల్లో డబ్బా దాకా వైరు మొత్తం చూశాడు. టెలిఫోన్ రోజులనాటి వైరు, నా గది గోడ వెంబడే నడుస్తుంది. మీటరు పెట్టి, "లైను బంగారంలా ఉందాంటీ" అన్నాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడేమో, ఆంటీ అట. బంగారమైతే తాకట్టు పెట్టుకుని తిను తాతా అన్నాను. "లోపం లేదు" అని కాగితం రాసి సంతకం పెట్టి ఇచ్చాడు.

వెళ్తూ వెళ్తూ మాత్రం పనికొచ్చే ముక్క ఒకటి చెప్పాడు. ఇంట్లోనో పక్కింట్లోనో ఏదో కరెంటు సామాను పాడై లోపల నిప్పురవ్వలు రాలుస్తుంటే ఆ గోల వైరులోకి ఎక్కి డబ్బాని తికమక పెడుతుందట. పాత రేడియో తీసుకుని, మీడియం వేవ్‌లో స్టేషన్ ఏదీ పలకని చోట ముల్లు నిలిపి, ఇల్లంతా తిరగమన్నాడు. ఎక్కడ గర్రుమంటే దొంగ అక్కడున్నట్టు.

మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన రేడియో అటక మీదే ఉంది. సెల్లులు మారిస్తే పలికింది.

సాయంత్రం ఐదు నిమిషాలు.

6, శనివారం

ఇవాళ ప్రెస్సుకి సెలవు. పొద్దున్నుంచీ ఇల్లంతా జల్లెడ పట్టాను. ఫ్రిజ్ కాస్త గురగురలాడింది. ట్యూబ్‌లైటు వెలిగేటప్పుడు చిటచిటమంది, వెలిగాక నోరు మూసుకుంది. మిక్సీ రాక్షసిలా అరిచింది గాని దాన్ని ఐదింటికి ఎవరూ తిప్పరు. నా గదిలో చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా లేదు.

ఐదింటికి రేడియో చెవికి ఆనించుకుని హాలూ వంటగదీ వరండా తిరుగుతూనే ఉన్నాను. కాల్ ఇరవై నిమిషాలూ నడిచింది. చెల్లి బయటికొచ్చి మంచినీళ్ళు తాగి, "వచ్చింది" అంది. నా అడుగుల చప్పుడుకే దొంగ పారిపోయాడన్నాను. నవ్వింది. ఆర్నెల్లలో ఇది రెండోసారో మూడోసారో.

7, ఆదివారం

ఇవాళా ఇరవై. ఇవాళా తిరిగాను. మెట్ల మీద నాలుగో మెట్టు దగ్గర రేడియో గర్రుమంది. పైకెళ్ళేకొద్దీ పెరిగింది. పై వాటా డ్రిల్లు మాస్టారి తలుపు దగ్గర చెవి పగిలేలా ఉంది. దొరికాడు.

8, సోమవారం

పని మానేసి మాస్టారి తలుపు తట్టాను. బళ్ళో పిల్లలచేత ముప్పై ఏళ్ళు గుంజీళ్ళు తీయించిన మనిషి. రిటైరయ్యాక ఇంట్లోనే పరుగెత్తే మెషిన్ మీద ఎక్కి ఎక్కడికీ పోకుండా పరిగెడుతుంటాడు. రేడియో చూసి తలుపు అంగుళం కూడా తియ్యలేదు. కిందటేడు ఆయన తలుపుకి నేను "ఈ ఇంట్లో ఉచితంగా జుట్టు కత్తిరించబడును" అని కాగితం అంటించిన మాట నిజం. నలుగురు వచ్చి క్యూ కట్టిన మాటా నిజం.

మెట్ల మీద పక్కవాటావాళ్ళు పోగయ్యారు. ఒక తల్లికీ బిడ్డకీ మధ్య ఈయన పరుగు అడ్డం పడుతోందని అందరి ముందూ అన్నాను. మాస్టారి ముఖం కందిపోయింది. "అలా అయితే అమ్మాయి కోసం ఐదు నుంచి ఐదున్నర దాకా మెయిన్ స్విచ్చే ఆపేస్తాను. మీ మాట మీద కాదు, అమ్మాయి కోసం" అన్నాడు. ఆపేశాడు కూడా. కిందనుంచి చూశాను, ఆయన కిటికీ చీకటి.

దొంగ దొరికాడు గదా, ఇక తిరగడం ఎందుకని నా గదిలో కూర్చున్నాను.

ఆరు నిమిషాలకి తెగింది.

9, మంగళవారం

మాస్టారికి మెట్ల మీద ఎదురుపడ్డాను. ఆయన నమస్కారం పెట్టాడు. తిట్టినా బాగుండేది.

నాలుగు నిమిషాలు.

10, బుధవారం

లాయరమ్మ ఫోను చేసింది. అవతలివాళ్ళు లెక్క కట్టి పంపారు. మూడు వారాల్లో పద్నాలుగు కాల్స్ పది నిమిషాలు కూడా నడవలేదు. దానికి కొసరుగా లైన్‌మన్ రాసిచ్చిన "లోపం లేదు" కాగితం. మన కాగితమే. చెల్లి మంచిదనుకుని పంపింది, దాన్ని వాళ్ళు తిప్పి మన మీదే పెట్టారు. లైనులో లోపం లేనప్పుడు లోపం తల్లిదేగదా. ఇలాగైతే ఆఫీసరమ్మ రోజూ కాల్ కూడా తీసేసి వారానికి ఒకటి చెయ్యొచ్చునంది.

సాయంత్రం మళ్ళీ తెగాక చెల్లి నా గదిలోకి వచ్చింది. చేతిలో పాత క్యాలెండర్ కాగితం.

"అక్కా, ఒకటి అడుగుతాను. జోకు వెయ్యకుండా చెప్పు. ఐదింటికి ఈ గదిలో ఏం చేస్తుంటావు?"

"మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటా. దానికీ కోర్టు పర్మిషన్ కావాలా?"

"జోకు వద్దన్నాను."

కాగితం నా మంచం మీద పరిచింది. తేదీల కింద గీతలు. నాకు ప్రెస్సులో ఓవర్‌టైమ్ పడి ఆలస్యంగా వచ్చిన రోజుల్లో కాల్ ఇరవై నిమిషాలూ వచ్చింది. రేడియో పట్టుకుని తిరిగిన రెండు రోజులూ వచ్చింది. నేను ఈ గదిలో ఉన్న ప్రతిరోజూ తెగింది.

"వైరు నీ గోడ వెంబడే పోతుంది" అంది.

నీ మీదొట్టు అన్నాను. ఒట్లు నువ్వు చాలా వేశావక్కా అంది. తర్వాత చాలా మెల్లిగా, "పాప వస్తే నేను వేరే ఇల్లు చూసుకుంటాననేగా నీ భయం" అంది.

ఎప్పుడూ మాటకి మాట అప్పగించే నా నోరు అప్పుడు పడిపోయింది. దానికి అదే ఒప్పుకోలుగా కనబడినట్టుంది. వెళ్ళిపోయింది.

నేను ఏ వైరూ పీకలేదు. ఏ వైరూ పీకలేదు. ఇది నా డైరీ, ఇందులో నాకు నేనే అబద్ధం రాసుకుంటానా. వెళ్ళిపోతే పోనీ. తొమ్మిదేళ్ళు ఒక్కదాన్నే లేనూ.

11, గురువారం

మాటల్లేవు. రెండు నిమిషాలు.

12, శుక్రవారం

ప్రెస్సునుంచి వస్తూనే రేడియో వేసి చూశాను, ఎందుకో. ఏమీ లేదు. కుర్చీ పక్కన పెట్టి ఆపడం మర్చిపోయాను. గోడవతల కాల్ మొదలైంది. కుర్చీ గోడకి జరుపుకుని, కాళ్ళు మెషిన్‌లో పెట్టి, స్విచ్చి నొక్కాను.

రేడియో కేక పెట్టింది.

ఆపాను. ఆగింది. నొక్కాను. కేక. ఆపాను.

గోడవతల పాప గొంతు లేదు. చెల్లి "పాపా, పాపా, వినబడుతోందా" అంటోంది.

వెతికేవాళ్ళు వెతుకుతున్నంతసేపూ దొంగ కుర్చీలో ఉండదు గదా. ఇన్నాళ్ళూ రేడియో పట్టుకుని ఊరేగాను. నేను నడుస్తుంటే మెషిన్ నడవదు. మెషిన్ నడుస్తుంటే నేను నడవను. కాల్ తెగగానే లేచి హాల్లోకి పరిగెత్తేదాన్ని, లేస్తూ స్విచ్చి ఆపేదాన్ని. నేను వెళ్ళేసరికి డబ్బా కోలుకుంటుండేది.

ఇక రాయను.

13, శనివారం

మెషిన్ గోనెసంచిలో చుట్టి ప్రెస్సుకి తీసుకెళ్ళి తుక్కు కాగితాల గదిలో పెట్టాను. కాల్ ఇరవై నిమిషాలు. నిలబడే విన్నాను.

14, ఆదివారం

ఇరవై. చెల్లి నా ముఖం చూడలేదు. పీకడం మానేశానని అనుకుంటోంది.

15, సోమవారం

ఇరవై. సమస్య తీరిపోయింది. తీరిపోయిన దాని గురించి ఇప్పుడు చెప్పి ఎవరిని ఉద్ధరించాలి? జరిగిందేదో జరిగింది. ఇకమీదట అన్నీ ఇరవైలే. ఆఫీసరమ్మ ఇవే చూస్తుంది. చూడకుండా ఉంటుందా.

16, మంగళవారం

చూడదట. లాయరమ్మ చెప్పింది. విచారణ దగ్గరపడగానే కాల్స్ బాగుపడ్డాయంటే ముందంతా నాటకమేనని వాళ్ళు అంటారట. ఆ పద్నాలుగు ఎందుకు తెగాయో చెప్పగలిగితేనే లాభం.

చెల్లి కంచం ముందు కూర్చుని మెతుకులు వేళ్ళతో అటూ ఇటూ జరిపింది. లేచి చెయ్యి కడుక్కుంది. ఆ కంచం నేనే తీశాను. అన్నం అలాగే ఉంది, గీతలు గీసినట్టు.

17, బుధవారం

మెషిన్ తుక్కుగదినుంచి మోసుకొచ్చాను. మెట్లెక్కేటప్పుడు డ్రిల్లు మాస్టారు చూసి ఒక పక్క పట్టుకున్నాడు. ఏమిటిదని అడగలేదు. గుమ్మం దగ్గర దించి, నేనే చెప్పేశాను, మీది కాదు మాస్టారూ, నాదే అని. ఆయన తలూపి, "మోకాళ్ళకి వేన్నీళ్ళ కాపడం మంచిది" అని పైకి వెళ్ళిపోయాడు.

చెల్లికి చెబితే మొదట నవ్వింది. మంచి నవ్వు కాదు. "ఎంత బాగా కట్టావే. వైరు పీకావనకుండా ఇది కనిపెట్టడానికి వారం రోజులు పట్టిందా?" అంది. యాభై ఏళ్ళు పిట్టకథలు చెప్పినదానికి నిజం చెప్పడం చేతకాదు, గొంతే కుదరదు. మాట్లాడకుండా రేడియో టేబుల్ మీద పెట్టి, మెషిన్ ప్లగ్గు పెట్టి, నొక్కాను. హాల్లో ఎర్రదీపం వెలిగింది. చెల్లి నవ్వడం ఆపింది. తనే వచ్చి స్విచ్చి ఆపింది, మళ్ళీ వేసింది, మళ్ళీ ఆపింది.

"ఎప్పుడు తెలిసింది?"

"శుక్రవారం."

"ఇవాళ బుధవారం."

"అవును."

ప్లగ్గు ఊడదీసింది. "ఐదింటికే ఎందుకు? పొద్దున పెట్టుకోవచ్చుగా. మంచం దగ్గర పెట్టుకోవచ్చుగా. గోడ దగ్గర ఎందుకు?"

చెప్పాను. నన్ను గదిలోకి రావద్దన్న రోజునుంచీ గోడకి చెవి ఆనించి వింటున్నాను. నిలబడీ నిలబడీ మోకాళ్ళు పోయాయి. ఊరికే గోడ పక్కన కుర్చీ వేసుకుంటే నువ్వు తలుపు తీసినప్పుడు ఏం చెప్పుకోను? కాళ్ళు పిసికించుకుంటున్నానని చెప్పొచ్చని ఆ మెషిన్ కొన్నాను.

"నన్ను అడిగితే తలుపు ఓరగా తీసి పెట్టేదాన్ని" అంది. వెళ్ళి తన గది తలుపు వేసుకుంది.

19, శుక్రవారం

లైన్‌మన్‌ని పిలిపించాను. మెషిన్ వేసి మీటరు చూపించాను. మోటారు లోపల బొగ్గు ముక్కలు అరిగిపోయి నిప్పులు రాలుస్తున్నాయన్నాడు. కొత్త కాగితం రాసి సంతకం పెట్టాడు. ఈసారి అమ్మా అన్నాడు. నేనూ తాతా అనలేదు.

లాయరమ్మ నాచేత జరిగింది జరిగినట్టు రాయించింది. ఎక్కడైనా హాస్యం చేస్తే కొట్టేస్తానంది. నాలుగు చోట్ల కొట్టేసింది.

22, సోమవారం

కోర్టు కాదు, పక్కన చిన్న గది. ఆఫీసరమ్మ, ఒక గుమాస్తా, రెండు వైపులా లాయర్లు, మరిది. ఫ్యాను తిరుగుతోంది. ఒక ప్లగ్గు పాయింటు ఉంది, అదే నేను ముందు చూసుకున్నది.

కాగితాలు చదివారు. మెషిన్ వేసి చూపించమన్నారు. రేడియో గర్రుమనగానే గుమాస్తా చేతిలో పెన్ను జారింది. మరిది లాయరు లేచి, ఈవిడ ఆ దుప్పటి కప్పుకున్న మనిషేనని, ఇది కూడా అలాంటి తమాషాయేనని, చెల్లెల్ని కాపాడడానికి ఈ సామాను ఎప్పుడైనా కొని తెచ్చి ఉండొచ్చునని చెప్పాడు. చక్కగానే చెప్పాడు. ఇంకో సందర్భంలో అయితే చప్పట్లు కొట్టేదాన్ని.

ఆఫీసరమ్మ కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. "మీ మాట ఎందుకు నమ్మాలి?"

చెల్లి కుర్చీ అంచుకి జరిగింది.

"అబద్ధమే అయితే ఇంతకంటే బాగా చెప్పేదాన్నమ్మా" అన్నాను. "అబద్ధాల్లో నేనెప్పుడూ గెలిచేదాన్నే. యాభై రెండేళ్ళ మనిషి గోడకి చెవి ఆనించుకుని, చెల్లెలి కూతురి గొంతు దొంగతనంగా వింటూ, ఆ గొంతునే తన చేత్తో తెగ్గొట్టుకుందనీ, తెలిశాక కూడా అయిదు రోజులు నోరు మూసుకుందనీ ఎవరైనా కట్టి చెబుతారా? ఇందులో నేను గెలిచేది ఎక్కడుంది?"

ఎవరూ నవ్వలేదు. నేనన్న మాటకి ఎవరూ నవ్వకపోతే బాగుండునని కోరుకోవడం ఇదే మొదటిసారి.

ఆఫీసరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు రాసింది. ఆ పద్నాలుగు కాల్స్ తల్లి తప్పు కాదు. పాప శనాదివారాలు తల్లి దగ్గర ఉండొచ్చు. చెల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మరిది లాయరు వెంటనే, ఆ పెద్దమ్మ ఉన్న ఇంట్లో మాత్రం వద్దన్నాడు. ఆఫీసరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, ప్రస్తుతానికి వేరే ఇంట్లోనేనని అదీ రాసింది.

చెల్లి నా వైపు తిరిగింది. అది నోరు తెరిచేలోపు నేనే అన్నాను, మా ప్రెస్సు వెనక వీధిలో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి, గాలీ వెలుతురూ బాగుంటాయి అని. నాలుగు నెలలుగా ఖాళీగా ఉన్నాయి. నాలుగు నెలలుగా రోజూ వాటి ముందునుంచే వస్తున్నాను. ఒక్కసారీ దానికి చెప్పలేదు.

నాకు సంతోషంగా ఉంది. నాకు సంతోషంగా ఉంది.

26, శుక్రవారం

రెండు బ్యాగులతో వచ్చింది, రెండు బ్యాగులూ ఒక పరుపుతో వెళుతోంది. రేపు పొద్దున పాప వస్తుంది. బండి కింద ఆగి ఉంది. పరుపు మాస్టారు మోసుకెళ్ళాడు.

నేను తాళాలూ సబ్బులూ అంటూ ఏదో ఒకటి గొణుగుతున్నాను. మెషిన్ విషయం తెలిసినప్పటినుంచీ చెల్లి నాతో పనున్న మాట తప్ప మాట్లాడలేదు. గుమ్మం దగ్గర ఆగింది.

"అన్నాళ్ళు గోడకి చెవి ఆనించి ఏం విన్నావక్కా?"

ఎత్తిపొడుపనుకున్నాను. ముఖం చూస్తే కాదు.

చెప్పాను. నువ్వు కిటికీ మూయడానికి లేచినప్పుడల్లా పాప అంకెలు లెక్కపెట్టేది. మెల్లిగా. నువ్వొచ్చి కూర్చోగానే ఆపేది. ఎప్పుడూ తొమ్మిది దాటలేదు.

"నాకెప్పుడూ వినబడలేదు."

"నువ్వు వినే స్థితిలో ఎక్కడున్నావు. ఎన్ని నిమిషాలైందో చూసుకుంటూ ఉండేదానివి."

చేతిలో బ్యాగు కింద పెట్టింది. "ఇంకా?"

వాళ్ళ నాన్న గదిలోకి వచ్చినప్పుడు పాప 'మీరు' అని మాట్లాడుతుంది, ఆయన వెళ్ళగానే 'నువ్వు' అంటుంది. అబద్ధం చెప్పేముందు ఒకసారి దగ్గుతుంది. అన్నం తిన్నావా అని నువ్వడిగితే దగ్గే తిన్నానంటుంది. పెన్సిలుకి పేరు పెట్టుకుంది, ఆ పేరు నీదే.

చెల్లి ఆ బ్యాగు మీదే కూర్చుండిపోయింది. కింద బండివాడు హారన్ కొట్టాడు. రెండోసారి కొట్టాడు.

"ఉండమను" అంది. "ఆ అంకెల సంగతి మళ్ళీ చెప్పు. మొదట్నుంచీ చెప్పు."